ముప్పై దేశాల బ్యాంకు గ్రూపులో కోర్ మార్చాలంటే ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ కంపెనీ మిమ్మల్ని హైదరాబాదు నుంచి ఘనా రాజధాని అక్రాకు పంపుతోంది. అక్కడ ముప్పైకి పైగా దేశాల్లో ఉన్న ఒక ఆఫ్రికా బ్యాంకు గ్రూపు తన వ్యవస్థనంతా కొత్తగా మార్చుకోబోతోంది. మీకు పైనుంచి అందిన మాట "కోర్ మార్చాలి, క్లౌడ్‌కి వెళ్లాలి" అని మాత్రమే. (కోర్ అంటే ఖాతాలు, లావాదేవీలు, వడ్డీ లెక్కలు నడిపే బ్యాంకు ప్రధాన సాఫ్ట్‌వేర్.) ఇది నిజంగా ఏ వరసలో జరుగుతుంది, మన దగ్గర సీబీఎస్ (కోర్ బ్యాంకింగ్) మీద చేసిన పని అక్కడ ఎంతవరకు పనికొస్తుంది, వెళ్లేలోపు ఏం నేర్చుకోవాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా పశ్చిమ, తూర్పు ఆఫ్రికా బ్యాంకుల్లో మైగ్రేషన్ పనే, అంటే పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చే పనే చేస్తున్నాను. అందుకే కాస్త విపులంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కోర్ మార్చడం ఈ మొత్తం పనిలో చివర్లో రావాలి. అన్నిటికన్నా ముందు తేలాల్సింది గ్రూపంతటికీ ఒక్కటిగా ఉండాల్సింది ఏమిటి, ఏ దేశానికి ఆ దేశం విడిగా ఉంచుకోవాల్సింది ఏమిటి అన్న సంగతి. అది తేల్చకుండా లైసెన్సులు కొని పని మొదలుపెట్టిన చోట, రెండో దేశమో మూడో దేశమో వచ్చేసరికి పని నిలిచిపోవడం చూశాను.

మీ క్లయింటు ఎవరో చెప్పలేదు, చెప్పనక్కరలేదు. వివరాలు బహిరంగంగా ఉన్నాయి కాబట్టి నేను ఎకోబ్యాంకును ఉదాహరణగా తీసుకుంటాను. 1985లో స్థాపించారు. ప్రధాన కార్యాలయం టోగోలోని లోమేలో. సహారాకు దిగువన ముప్పైకి పైగా దేశాల్లో బ్యాంకులున్నాయి. షేర్లు లాగోస్, అక్రా, అబిజాన్ మూడు ఎక్స్‌ఛేంజీల్లోనూ నమోదయ్యాయి. వాళ్ల కోర్ ఫ్లెక్స్‌క్యూబ్ అనే సాఫ్ట్‌వేర్. గ్రూపు మొత్తానికి సాంకేతిక సేవలు చూడడానికి ఈప్రాసెస్ అని సొంత సంస్థ ఉంది, దాని పని చాలావరకు అక్రా కేంద్రంగానే సాగుతుంది. ఈ ఫ్లెక్స్‌క్యూబ్ మన దేశంలో ఐ-ఫ్లెక్స్ తయారుచేసింది, తరవాత ఒరాకిల్ చేతికి వెళ్లింది. స్టాండర్డ్ బ్యాంకు దక్షిణాఫ్రికాలో శాప్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, మిగతా ఆఫ్రికా దేశాల్లో ఎక్కువగా ఇన్ఫోసిస్ వాళ్ల ఫినాకిల్ మీద. అందుకే నైరోబీలోనైనా, లాగోస్‌లోనైనా బ్యాంకు ఐటీ అంతస్తులో మన తెలుగువాళ్లు కనిపించడం చాలా మామూలు.

ఇక మన అనుభవం సంగతి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు రెండూ ఫినాకిల్ మీదే ఉన్నాయి. అయినా ఖాతాలన్నీ ఒకచోటికి చేర్చడం, పాత ఐఎఫ్‌ఎస్‌సీలు తీసేసి కొత్తవి ఇవ్వడం ఎంత పని అయిందో అప్పటి ఖాతాదారులను అడిగితే చెబుతారు. అంత పెద్ద పనిలోనూ మనకు కొన్ని సౌకర్యాలున్నాయి. ఒకే రూపాయి, ఒకే రిజర్వు బ్యాంకు, యూపీఐ నడిపే ఒకే ఎన్‌పీసీఐ, ఒకే టైమ్ జోన్, ఒకే కంపెనీల చట్టం. అక్కడ వీటిలో ఒక్కటీ ఉండదు. డేటా తీయడం, మ్యాపింగ్ (పాతదానిలోని ప్రతి అంశం కొత్తదానిలో ఎక్కడికెళ్తుందో జతచేయడం), ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల మొత్తాల పట్టిక) సరిచూడడం వంటి చేతిపని అనుభవమంతా అక్కరకొస్తుంది. "హెడ్డాఫీసు చెప్పింది కాబట్టి అన్నిచోట్లా ఇంతే" అనే అలవాటు మాత్రం విమానం ఎక్కేముందే వదిలేయండి.

కరెన్సీల విషయం చూడండి. బయటివాళ్లకు తెలియని కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని మీద కొంచెం ఆగుతాను. పశ్చిమాఫ్రికాలో ఎనిమిది దేశాలు ఒక సీఎఫ్‌ఏ ఫ్రాంకు వాడతాయి, దాని కేంద్ర బ్యాంకు బీసీఈఏఓ డాకార్‌లో ఉంది. మధ్య ఆఫ్రికాలో ఆరు దేశాలు ఇంకో సీఎఫ్‌ఏ ఫ్రాంకు వాడతాయి, దాని కేంద్ర బ్యాంకు బీఈఏసీ యావుందేలో ఉంది. రెండూ యూరోకు 655.957 చొప్పునే కట్టి ఉన్నాయి. పేరూ ఒకటే, విలువా ఒకటే, అయినా చట్టప్రకారం రెండూ వేరు కరెన్సీలు, కోడ్లు వేరు. ఈ ఫ్రాంకులకు పైసలు ఉండవు, దశాంశ స్థానాలు సున్నా. ఘనా సెడికి రెండు స్థానాలున్నాయి. గినీ ఫ్రాంకు, రువాండా ఫ్రాంకు, ఉగాండా షిల్లింగులకు మళ్లీ సున్నా.

"దాందేముంది, ఒక పారామీటర్ (సెట్టింగు) కదా" అనిపించవచ్చు. ఒక లెక్క వేద్దాం. పది లక్షల ఫ్రాంకుల అప్పు, ఏటా 12 శాతం వడ్డీ, 360 రోజుల పద్ధతి. రోజు వడ్డీ 333.33 ఫ్రాంకులు. పాత సిస్టమ్ రోజూ 333కి కుదించి పోస్ట్ చేసేదనుకోండి, 30 రోజులకు 9,990 అవుతుంది. కొత్త సిస్టమ్ భిన్నాన్ని లోపల దాచుకుని నెలాఖరున ఒక్కసారి కుదిస్తే 10,000 అవుతుంది. ఒక్కో ఖాతాకు తేడా పది ఫ్రాంకులే. అలాంటివి లక్ష ఖాతాలుంటే పది లక్షల ఫ్రాంకులు. డబ్బుగా చూస్తే బ్యాంకుకు పెద్దది కాదు, కానీ ట్రయల్ బ్యాలెన్స్ కలవదు. కలవకపోతే ఆడిటరు సంతకం పెట్టడు. సంతకం లేకపోతే కట్‌ఓవర్ (పాతది ఆపి కొత్తదానికి మారడం) లేదు. ఏ పద్ధతి సరైనదో సాఫ్ట్‌వేర్ వెండరు చెప్పలేడు. ఆ దేశపు ఫైనాన్స్ విభాగం, రుణ ఒప్పందంలో రాసిన వాక్యం, అక్కడి కేంద్ర బ్యాంకు నియమం, ఈ మూడూ కలిసి తేల్చాలి. అది కుదరడానికి వారాలు పడుతుంది. ప్రాజెక్టు ప్లానులో దానికి ఒక్క గీత కూడా ఉండదు.

కరెన్సీ రూపమే మారిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఘనా 2007 జులైలో నాలుగు సున్నాలు తీసేసింది, పదివేల పాత సెడిలు ఒక కొత్త సెడి అయ్యాయి. జాంబియా 2013 జనవరిలో మూడు సున్నాలు తీసింది. సావో తోమే 2018 జనవరిలో మూడు, సియెర్రా లియోన్ 2022 జులైలో మూడు. జింబాబ్వే 2024 ఏప్రిల్‌లో జిగ్ అనే కొత్త కరెన్సీ తెచ్చి పాత డాలర్లను 2,498.7242కి ఒకటి చొప్పున మార్చింది. ఇలాంటి రోజున మారేది బ్యాలెన్సు ఒక్కటే కాదు. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు, చార్జీల పట్టికలు, ఏటీఎం పరిమితులు, లోన్ షెడ్యూళ్లు, పాత తేదీతో రాసిచ్చిన చెక్కులు, స్టేట్‌మెంటులో మారకముందరి ఆరు నెలల ఎంట్రీలు, అన్నీ మారాలి. చార్జీ మొత్తాలు ప్రోగ్రామ్ కోడులోనే రాసి ఉన్న పాత సిస్టమ్ ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఒక కొత్త కోర్ ఎంత మంచిదో నాకు తెలియాలంటే, కరెన్సీని వెయ్యితో భాగించే పరీక్షను టెస్ట్ ఎన్విరాన్‌మెంటులో నడిపి చూపించమంటాను. డెమో స్లయిడ్ల కన్నా ఆ ఒక్క పరీక్షే ఎక్కువ చెబుతుంది.

అకౌంటింగూ అంతే. పశ్చిమాఫ్రికా సీఎఫ్‌ఏ దేశాల బ్యాంకులకు బీసీఈఏఓ నిర్దేశించిన ఖాతాల పట్టిక ఉంది, దాన్ని సవరించి బాసెల్ 2, 3 అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ నియమాలతో పాటు 2018 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అదంతా ఫ్రెంచిలోనే. నైజీరియా, ఘనా, కెన్యాలు ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం నడుస్తాయి. గ్రూపు కన్సాలిడేషన్ (అన్ని దేశాల లెక్కలు కలపడం) కూడా ఐఎఫ్‌ఆర్‌ఎస్‌లోనే. అంటే ఒకే లావాదేవీకి రెండు రకాల లెక్క చూపగలగాలి. గ్రూపుకి ఒకే జీఎల్ (జనరల్ లెడ్జర్, అంటే ప్రధాన ఖాతా పుస్తకం) పెట్టి దేశాల రిపోర్టులను దాని మీద మ్యాపింగుతో తీసుకోవడం నాకు నచ్చిన దారి. ఏ దేశం జీఎల్ ఆ దేశానికి వదిలేసి నెలాఖరున ఎక్సెల్‌లో కలిపితే మొదటి ఏడాది సుఖంగానే ఉంటుంది, తరవాత ఆ ఎక్సెల్ రాసినాయన ఉద్యోగం మానేస్తాడు.

టైమ్ సంగతి. కేప్ వెర్డె గ్రీన్‌విచ్ కన్నా గంట వెనక, కెన్యా మూడు గంటలు ముందు. ఒకే సర్వర్ మీద అన్ని దేశాలనూ పెట్టారనుకోండి, నైరోబీలో ఈఓడీ (రోజు ముగింపు లెక్కలు) నడుస్తుండగా కేప్ వెర్డె రాజధాని ప్రాయాలో కౌంటరు తెరిచే ఉంటుంది. సెలవులు దేశానికొకటి. ఒక దేశంలో ఈఓడీ ఆగితే మిగతా దేశాలు ఆగకూడదు. కాబట్టి "సింగిల్ ఇన్‌స్టాన్స్" అని ఎవరైనా అన్నప్పుడు వాళ్ల ఉద్దేశం ఏమిటో విడమరిచి అడగండి. ఒకే కోడు, ఒకే వెర్షను, ఒకే పారామీటర్ల కట్టడి, కానీ దేశాల గుంపుకో డేటాబేస్, దేశానికో బిజినెస్ డేట్. ఇదైతే నిలబడుతుంది. అన్నీ ఒకే డేటాబేసులో కుక్కితే ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది, తీరా ఒక అప్‌గ్రేడు చేయాలంటే ముప్పై కేంద్ర బ్యాంకుల నుంచి ఒకే వారాంతానికి అనుమతి సంపాదించాలి. అది జరిగే పని కాదు.

అనుమతులనగానే చట్టాలు గుర్తొస్తాయి. కెన్యా డేటా రక్షణ చట్టం 2019ది, నైజీరియాది 2023ది. రువాండా 2021 చట్టం ప్రకారం వ్యక్తిగత డేటా ఆ దేశంలోనే ఉండాలి, బయట పెట్టాలంటే ప్రత్యేక ధ్రువపత్రం తీసుకోవాలి. నైజీరియాలో ఇంకో మెలిక ఉంది. అక్కడి బ్యాంకు తన విదేశీ మాతృసంస్థకు సాంకేతిక సేవల రుసుము కట్టాలంటే ఆ ఒప్పందం నోటాప్ అనే ప్రభుత్వ కార్యాలయంలో నమోదు కావాలి. గ్రూపు కేంద్రంగా సాఫ్ట్‌వేర్ కొని దేశాలకు ఖర్చు పంచే నమూనా కాగితం మీద అందంగా ఉంటుంది. ఆ పంచిన ఖర్చును ఒక దేశం చట్టబద్ధంగా పంపించలేకపోతే గ్రూపు లెక్కల్లో అది బాకీగా పేరుకుపోతుంది. ఆర్కిటెక్చరు గీసే గదిలో మొదటి రోజు నుంచే ఒక పన్నుల నిపుణుడు, ఒక న్యాయ సలహాదారు కూర్చోవాలనేది ఇందుకే.

క్లౌడ్ మాటకొద్దాం. ఆఫ్రికాలో పెద్ద క్లౌడ్ కంపెనీల రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఎక్కువగా దక్షిణాఫ్రికాలోనే పెట్టారు. మైక్రోసాఫ్ట్ 2019 మార్చిలో జొహనెస్‌బర్గ్, కేప్‌టౌన్‌లలో మొదలుపెట్టింది, అమెజాన్ 2020 ఏప్రిల్‌లో కేప్‌టౌన్‌లో, ఒరాకిల్ 2022లో, గూగుల్ 2024 జనవరిలో జొహనెస్‌బర్గ్‌లో. స్టాండర్డ్ బ్యాంకు, ఆబ్సా వంటి దక్షిణాఫ్రికా గ్రూపులకు ఇది సొంత ఊళ్లో ఉన్నట్టే. అక్రా నుంచో అబిజాన్ నుంచో చూసేవాళ్లకు ఆ రీజియన్ సముద్రం అడుగున వేల కిలోమీటర్ల కేబుల్‌కు అవతలి కొసన ఉంది.

2024 మార్చి 14న ఏం జరిగిందో తప్పకుండా చదవండి. ఐవరీ కోస్ట్ తీరంలో, అబిజాన్ దగ్గర, ఒకే రోజు సముద్రం అడుగున ఉన్న నాలుగు ఇంటర్నెట్ కేబుళ్లు దెబ్బతిన్నాయి: వాక్స్, మెయిన్‌వన్, ఏస్, శాట్-3. సముద్రం అడుగున నేల కదలడమే కారణమని ప్రాథమిక పరిశీలనలో తేలింది. ఐవరీ కోస్ట్, లైబీరియా, ఘనా, బెనిన్, నైజీరియాల్లో ఇంటర్నెట్ కుంటుపడింది, బ్యాంకుల సేవలు ఆగాయి, మరమ్మతు నౌకలు వచ్చి అతకడానికి వారాలు పట్టింది. రెండు నెలలు తిరక్కుండానే మే నెలలో తూర్పు తీరంలో ఈసీ, సీకామ్ కేబుళ్లు తెగి కెన్యా, టాంజానియాలు ఇబ్బంది పడ్డాయి. పశ్చిమ తీరంలో ఆ మార్చిలో దెబ్బతినకుండా నిలిచినవాటిలో ఈక్వియానో ఒకటి, అది 2022 మార్చిలో లోమేలో ఒడ్డుకు చేరిన గూగుల్ కేబుల్.

మీ నెట్‌వర్క్ విభాగం "మాకు ఇద్దరు ప్రొవైడర్లు ఉన్నారు, రిడండెన్సీ ఉంది" అంటారు. ఆ ఇద్దరూ ఏ కేబుల్ మీద సామర్థ్యం కొన్నారో, ఏ ఊరి దగ్గర ఒడ్డెక్కుతున్నారో పటం మీద గీయించండి. రెండు ఇన్‌వాయిస్‌లు, రెండు రూటర్లు ఉండి, చివరికి రెండూ సముద్రం అడుగున ఒకే లోయ మీదుగా పోతున్న సందర్భాలు నాకు తెలుసు. దీని నుంచి నేను తీసుకున్న నిర్ణయం ఇది. కస్టమరు ఖాతాలో డబ్బు వేయడం, తీయడం, ఆ దేశపు పేమెంట్ స్విచ్‌తో (బ్యాంకుల మధ్య చెల్లింపులు చేరవేసే వ్యవస్థతో) మాట్లాడడం, ఈ మూడూ సముద్రం దాటకుండా జరగగలగాలి. దేశంలోనో, నేల మీది ఫైబర్‌తో చేరే పొరుగు దేశంలోనో ఆ సామర్థ్యం ఉండాలి. ఎనలిటిక్స్, టెస్ట్ ఎన్విరాన్‌మెంట్లు, హెచ్‌ఆర్, ఈమెయిల్, మోసాలు పట్టే మోడళ్ల శిక్షణ వంటివన్నీ నిశ్చింతగా క్లౌడ్‌కి పంపవచ్చు. కరెంటు గురించి విడిగా రాయను. జనరేటరు, డీజిలు, శాఖలో బ్యాటరీ అన్నవి అక్కడి బ్యాంకుల నిత్యకృత్యం, ఆ పని మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.

ఇక వరస. నేను కోర్‌ను ముట్టుకోకముందే కస్టమరు చూసే పొరను దాని నుంచి విడదీస్తాను. మధ్యలో ఒక ఏపీఐ పొర (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) పెట్టి, యాప్, యూఎస్‌ఎస్‌డీ (ఇంటర్నెట్ లేకుండా ఫోనులో కోడ్ నొక్కి వాడే సేవ), ఏజెంట్లు, కార్పొరేట్ కస్టమర్ల ఫైళ్లు అన్నీ దానితోనే మాట్లాడేలా చేయాలి. తరవాత కింద కోర్ మారినా పైవాళ్లకు తెలియకూడదు. ఎకోబ్యాంకు 2016 చివర్లో ముప్పై మూడు దేశాలకూ కలిపి ఒకే మొబైల్ యాప్ విడుదల చేసింది. ఇంగ్లీషు, ఫ్రెంచి, పోర్చుగీసు, స్పానిష్ నాలుగు భాషల్లో. శాఖకు వెళ్లకుండా ఫోనులోనే తెరిచే ఎక్స్‌ప్రెస్ ఖాతా దానితోపాటే వచ్చింది. అప్పటి సీఈఓ అడె అయెయెమి 2020 నాటికి పది కోట్ల మంది కస్టమర్లు కావాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ సంఖ్య చేరలేదు. అయినా ఆ నిర్ణయం సరైనదనే నా అభిప్రాయం. ముప్పై మూడు దేశాలకు ఒకే యాప్ అంటే వెనక ఒకే ఏపీఐ, ఒకే కస్టమరు గుర్తింపు పద్ధతి, ఒకే సెక్యూరిటీ కట్టడి ఉండాలి. ఆ క్రమశిక్షణ ఒకసారి వచ్చాక మిగతా పనులు తేలికవుతాయి.

ఈ పొరలో అన్నిటికన్నా కష్టమైంది మొబైల్ మనీ, అంటే టెలికాం కంపెనీల ఫోను వ్యాలెట్లలోని డబ్బు. కెన్యాలో ఎంపెసా 2007 మార్చిలో మొదలైంది, ఘనాలో వ్యాలెట్ల మధ్య ఇంటరాపరబిలిటీ (ఒక కంపెనీ వ్యాలెట్ నుంచి ఇంకో కంపెనీదానికి పంపే వీలు) 2018 మేలో వచ్చింది. బ్యాంకు కన్నా టెలికాం కంపెనీకే అక్కడ కస్టమర్లు ఎక్కువ, ఇది మనకు అలవాటు లేని పరిస్థితి.

దగ్గర నుంచి చూద్దాం. ఘనాలోని కుమాసీ మార్కెట్లో బట్టలమ్మే ఆమె బ్యాంకు యూఎస్‌ఎస్‌డీ కోడ్ నొక్కి ఖాతా నుంచి తన వ్యాలెట్‌కు 200 సెడిలు పంపుతుంది. బ్యాంకు ఖాతాలోంచి 200 తీసింది. టెలికాం వైపు అభ్యర్థన వెళ్లింది. జవాబు రాలేదు. యూఎస్‌ఎస్‌డీ సెషన్‌కు గడువు ఉంటుంది, ముగిసిపోయింది. తెర ఖాళీ. ఇప్పుడు ఆ 200 ఎక్కడున్నాయి? టెలికాం వ్యాలెట్‌లో వేసి జవాబు మాత్రమే పోయిందా, అసలు వేయనే లేదా? బ్యాంకు తొందరపడి రివర్స్ చేస్తే, అవతల వేసి ఉంటే ఆమెకు 400 అవుతాయి. చేయకపోతే, అవతల వేయకుండా ఉంటే ఆమె సరుకు కొనలేదు. ఆమె ఊరుకోదు కదా, మళ్లీ నొక్కుతుంది. రెండోసారి కూడా తీస్తే?

దీనికి మందు పాతదే. అభ్యర్థన పుట్టినచోటే ఒక రిఫరెన్సు నంబరు ఇవ్వాలి, చివరిదాకా అదే నంబరు వెళ్లాలి, అదే నంబరుతో రెండోసారి వస్తే కొత్తగా వేయకుండా పాత జవాబునే ఇవ్వాలి. జవాబు తెలియని వాటిని సొంతంగా ఊహించకుండా అవతలివాళ్లను స్టేటస్ అడగాలి. అదీ తేలకపోతే ఒక ఖాతాలో పెట్టి అదే రోజు రీకాన్ (రెండు వైపుల లెక్కలు పోల్చి సరిచూడడం) చేయాలి. నెలకోసారి కాదు, రోజుకోసారి కూడా చాలదు, గంటగంటకూ. 2023 మొదట్లో నైజీరియాలో కొత్త నోట్ల మార్పిడితో నగదు దొరక్క జనమంతా ఒక్కసారిగా ట్రాన్స్‌ఫర్ల మీద పడ్డారు, పంపినవి వెళ్లక, వెళ్లినవి తెలియక నానా బాధలు పడ్డారు. రీకాన్ పటిష్ఠంగా లేని బ్యాంకులో మీరు ఎంత ఆధునికమైన కోర్ పెట్టినా కుమాసీలోని ఆ ఆడమనిషికి ఒరిగేది ఏమీ లేదు. నేను కోర్ కన్నా రీకాన్‌కు ముందు డబ్బు కేటాయించమనేది ఇందుకే, ఈ విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను.

రెండో పని కస్టమరు డేటా శుభ్రం చేయడం. నైజీరియాలో ఖాతా నంబరు పది అంకెల నూబాన్, మనిషికి పదకొండు అంకెల బీవీఎన్, ఇది 2014 ఫిబ్రవరిలో వచ్చింది. ఘనాలో 2022 జులై 1 నుంచి బ్యాంకు పనులకు ఘనా కార్డు ఒక్కటే గుర్తింపు. ఇవి వచ్చాక ఒకే మనిషికి ఉన్న నాలుగు కస్టమర్ ఐడీలను ఒకటి చేయడం సాధ్యమైంది. ఈ పని మైగ్రేషన్ వారంలో చేయాలనుకోవద్దు. పాత సిస్టమ్‌లోనే, శాఖ సిబ్బందితోనే, నెలల ముందు చేయించాలి. చెత్తను కొత్త ఇంట్లోకి మోసుకెళ్లి అక్కడ ఊడుద్దామంటే కుదరదు. పేర్ల విషయంలో జాగ్రత్త, ఘనాలో ఒకే వ్యక్తి వారంలో ఏ రోజు పుట్టారో దాన్ని బట్టి పెట్టిన పేరును ఒకచోట, క్రైస్తవ నామాన్ని ఇంకోచోట వాడి ఉండవచ్చు. పేరు పోల్చే ప్రోగ్రామును నమ్ముకుంటే ఇద్దరు వేరు మనుషులు కలిసిపోతారు. నంబరు కలిస్తేనే కలపండి.

ఇవి రెండూ కుదిరాకే కోర్. అది కూడా చిన్న దేశంతో మొదలుపెట్టాలి, కానీ మరీ తేలికైన దేశంతో కాదు. ఫ్రెంచి వాడే ఒక దేశం, ఇంగ్లీషు వాడే ఒక దేశం ముందు పూర్తిచేస్తే మీ నమూనా రెండు రకాల లెక్కలకూ సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. నైజీరియా చివర్లో. పెద్ద మార్కెట్, లావాదేవీల సంఖ్య ఎక్కువ, ఎన్‌ఐపీ అనే తక్షణ చెల్లింపులు 2011 నుంచే ఉన్నాయి. నిమిషం ఆగినా దేశమంతా మాట్లాడుకుంటుంది.

2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నైజీరియాలో కొన్ని పెద్ద బ్యాంకులు ఇంచుమించు ఒకేసారి కోర్ మార్చాయి. జీటీబ్యాంకు ఫినాకిల్‌కు వెళ్లింది, జెనిత్ ఫ్లెక్స్‌క్యూబ్‌కు, స్టెర్లింగ్ టీ24 అనే సాఫ్ట్‌వేర్ వదిలి స్థానికంగా తయారైన సీబాస్‌కు. కస్టమర్లు రోజుల తరబడి యాప్ తెరవలేక, డబ్బు తీసుకోలేక అవస్థ పడ్డారు. అవి బలహీనమైన బ్యాంకులు కావు, అక్కడ ఉన్నవాళ్లలో సమర్థులకూ కొదవ లేదు. అలాంటి చోట్లే అంత ఇబ్బంది వచ్చిందంటే ఈ పని బరువెంతో మీ పైవాళ్లకు చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

కట్‌ఓవర్ వారాంతం ఎలా ఉంటుందో కూడా చెబుతాను. శుక్రవారం సాయంత్రం శాఖలు మూసి పాత సిస్టమ్‌లో చివరి ఈఓడీ నడుస్తుంది. డేటా తీస్తారు. కొత్తదానిలో వేస్తారు. శనివారం పొద్దునకు జీఎల్ వారీగా, శాఖ వారీగా, కరెన్సీ వారీగా రెండు వైపుల మొత్తాలు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒక బ్యాంకులో మేం అలా చూస్తుండగా అన్నీ కలిశాయి, ఒక సస్పెన్స్ ఖాతా (ఎక్కడ చేర్చాలో తేలని ఎంట్రీలు ఉంచేది) తప్ప. పదేళ్ల నాటి ఏటీఎం ఎంట్రీలు అందులో పేరుకుని ఉన్నాయి, కొన్నిటికి తేదీ లేదు, కొన్నిటికి శాఖ కోడు లేదు. మొత్తం తేడా చిన్నదే. ఆ రాత్రి ఆపరేషన్స్ హెడ్డు, పాతికేళ్ల సర్వీసున్న ఘనా మహిళ, ఇంటి నుంచి పాత రిజిస్టర్లు తెప్పించి ఒక్కో ఎంట్రీ ఎక్కడ నుంచి వచ్చిందో చెప్పారు. ఏ డాక్యుమెంటులోనూ లేని సమాచారం అది. తెల్లవారేసరికి ఖాతా కలిసింది. అప్పటినుంచి ఏ దేశానికి వెళ్లినా ముందు అలాంటి మనిషి ఎవరో వెతికి, వాళ్లను ప్రాజెక్టు బృందంలో పూర్తి సమయానికి వేయించుకుంటాను. కన్సల్టెంట్ల సంఖ్య తగ్గించైనా సరే.

మాక్ రన్‌లు (కట్‌ఓవర్ రిహార్సళ్లు) నిజమైన డేటా మొత్తంతో, నిజమైన గడియారంతో జరగాలి. శాంపుల్ డేటాతో చేసే మాక్‌లో ఏమీ తెలియదు. ఎన్ని మాక్‌లు అన్నది ముందే లెక్క పెట్టుకోవద్దు. వరసగా రెండుసార్లు తేడా లేకుండా, అనుకున్న గంటల్లో పూర్తయ్యేదాకా చేయాలి. వెనక్కి వెళ్లే నిర్ణయం ఏ గంటకు, ఎవరు తీసుకుంటారో రాసి సంతకాలు పెట్టించాలి. ఆదివారం మధ్యాహ్నం అలసిపోయిన ఇరవై మంది గదిలో కూర్చుని "ఇంకో గంట చూద్దాం" అనుకునే పరిస్థితి రానీయకూడదు.

గడువు బయటినుంచి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఆబ్సా చూపించింది. బ్రిటిష్ బ్యాంకు బార్‌క్లేస్ 2005లో ఆ గ్రూపులో మెజారిటీ వాటా కొని, 2016లో బయటికి వెళ్తున్నట్టు ప్రకటించింది. విడిపోయే ఖర్చు కోసం 76.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది. 2020 మధ్యకల్లా లండన్‌తో ముడిపడిన సిస్టమ్‌లన్నిటినీ విడదీసుకోవాలి. దక్షిణాఫ్రికా వెలుపలి దేశాల్లో పేరు 2020 ఫిబ్రవరిలో మారింది, విడదీత కూడా ఆ ఏడాదే పూర్తయింది. గడువు దాటితే బార్‌క్లేస్ సిస్టమ్‌లు వాడుకునే హక్కే పోతుందన్న స్పష్టత ఉన్నచోట నిర్ణయాలు వేగంగా జరిగాయి. మీ ప్రాజెక్టులో అలాంటి గడువు లేకపోతే, పాత సిస్టమ్ లైసెన్సు ముగిసే తేదీని బోర్డు చేత ఖాయం చేయించండి. లేకపోతే పాతది, కొత్తది రెండూ ఏళ్ల తరబడి పక్కపక్కన నడుస్తాయి, రెండింటికీ డబ్బు కట్టాలి.

మీరు వెళ్లేలోపు చేయగలిగినవి చెబుతాను. ఫ్రెంచి అకౌంటింగ్ మాటలు ఓ వంద నేర్చుకోండి, లోమే, అబిజాన్ కాల్స్‌లో గంటలు మిగులుతాయి. ఘనాలో గీప్స్, నైజీరియాలో నిబ్స్ వంటి పేమెంట్ స్విచ్‌లు ఎలా పనిచేస్తాయో చదవండి. 2022 జనవరిలో అక్రాలో మొదలైన పాప్స్ గురించి కూడా, దేశాల మధ్య సొంత కరెన్సీలలో చెల్లింపులకు అదే దారి. చేరిన మొదటి వారంలో ప్రెజెంటేషన్లు కాదు, మూడు కాగితాలు అడగండి: ప్రతి దేశంలోనూ ప్రామాణిక పద్ధతికి భిన్నంగా చేస్తున్న పనుల జాబితా, తొంభై రోజులు దాటిన సస్పెన్స్ ఎంట్రీల రిపోర్టు, ఆ దేశ కేంద్ర బ్యాంకు ఐటీ తనిఖీ నివేదిక. మొదటి కాగితం ఏ దేశం దగ్గరా సిద్ధంగా ఉండదు, మీరే శాఖకు వెళ్లి కౌంటరు వెనక కూర్చుని రాసుకోవాలి. అక్రాలో మార్చి నుంచి ఉదయం ఎండ గట్టిగానే ఉంటుంది, శాఖలకు పొద్దున్నే బయల్దేరండి.